మోకాలి వంకరయు కంప్యూటరు కొలతయు

(పాఠశాల తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ సభ మేడమీద జరుగుచుండెడిది. ఈసారి క్రింది వరండాలో జరుపుచున్నాము. ఇందుకు కారణము చెప్పి మా తప్పు నొప్పుకొనుట న్యాయము. కొందరు తల్లులు సభకు రాకుండుట చూచి, వారికి బిడ్డల చదువుపై శ్రద్ధ లేదని మేము తలంచుచుంటిమి. గత సంవత్సరము ఒక తల్లి మెట్ల క్రిందనే నిలిచి, "సారూ, మోకాళ్లు మెట్లెక్కనిస్తలేవు" అని కుమారునిచేత కబురంపినది. అశ్రద్ధ ఆమెది కాదు, మాది. నాటి నుండి ఈ నొప్పిని గూర్చి తెలిసికొనుచు వచ్చితిమి. తెలిసినంతవరకు మీతో చెప్పుటయే నేటి మా ప్రసంగము.

తెలంగాణము నుండి వచ్చి సోలాపురమున స్థిరపడిన మన పద్మశాలి కుటుంబములలో ఈ బాధ ఎరుగని ఇల్లు అరుదు. మగవారు మరమగ్గముల ముందు గంటల తరబడి నిలిచి పనిచేయుదురు. ఆడవారు చేట ఒడిలో పెట్టుకొని, కాళ్లు ముడిచి కూర్చుండి బీడీలు చుట్టుదురు. మోకాళ్లు ముడిచి కూర్చుండుట, మరల మరల లేచుట కీళ్లపై ఒత్తిడిని పెంచునని వైద్యులు చెప్పుచున్నారు. భవాని పేట్ సందులలో నలుబదియేండ్లు దాటిన తల్లులు గోడ పట్టుకొని నడచుట మనకు అలవాటైన దృశ్యము. అలవాటైనంత మాత్రమున అది సహజము కాదు.

ఆ తల్లి మాకొక కరపత్రము చూపినది. కంప్యూటరుతో మోకాలి ఆపరేషను అని అందులో మరాఠీలోను, ఇంగ్లీషులోను అచ్చువేసియున్నది. ఆమె చదువగలిగినది తెలుగు మాత్రమే. మెడలోని బంగారము కుదువబెట్టుటకు సిద్ధపడియున్నది. "సారూ, ఆపరేషను చేసేది మిషనా, మనిషా?" అని అడిగినది. ఆమెతోకూడ మేమును ఒక ఎముకల వైద్యుని యొద్దకు పోయి, ఆయన మాటలను తెలుగులో చెప్పితిమి. ఆ ప్రశ్నకు లభించిన సమాధానము మీ అందరికిని ఉపయోగపడగలదు.

తుంటి కీలు మధ్యనుండి చీలమండ మధ్యకు ఒక దారము పట్టినట్లు ఊహింపుడు. కాలు తిన్నగా ఉన్నప్పుడు ఆ దారము మోకాలి నడుమకు చేరువగా పోవును. కాలు విల్లువలె బయటికి వంగినచో దారము లోపలి వైపునకు జరుగును. అప్పుడు శరీరపు బరువు అధికముగా ఆ వైపుననే పడును. ఎముకల కొనలపై నుండు మెత్తని పొర అచ్చట అరుగును. అరిగినకొలది కాలు మరింత వంగును. వంగినకొలది మరింత అరుగును. మగ్గము ఒక ప్రక్కకు ఒరిగినచో బట్ట ఎట్లు చెడునో మీకు మేము చెప్పనక్కరలేదు.

లోపలి వైపు మాత్రమే అరిగి, వయస్సు అరువదికి లోబడియుండి, ఒళ్లు గట్టిగా ఉన్నవారికి కీలు మార్చకయే ఒక ఉపాయము కలదు. మోకాలి క్రింది పెద్ద ఎముకను కొంతవరకు కోసి, ఆ సందును తగినంత తెరచి, లోహపు పలకతో బిగింతురు. బరువు పడు రేఖ అరుగని వైపునకు జరుగును. ఇది క్రొత్త విద్య కాదు. 1961లో ఇంగ్లండునందు జాక్సన్, వా అను వైద్యులును, 1965లో అమెరికాలో కోవెంట్రీ అను వైద్యుడును దీనిని గూర్చి ప్రకటించిరి. జపాను వైద్యుడు ఫుజిసావా 1979లో ఆ రేఖ మోకాలి నడుమనుండి కొంత బయటి వైపునకు పోవుట మేలని సూచించెను.

కష్టమంతయు ఈ కొలతలోనే ఉన్నది. తక్కువ తెరచినచో వంకర మిగులును. ఎక్కువైనచో బరువు రెండవ వైపున పడి అది అరుగును. శస్త్రవైద్యులు తుంటినుండి చీలమండ వరకు ఒక తీగను నిజముగనే సాగదీసి, ఎక్స్‌రేలో చూచి సరిచేయు పద్ధతియు కలదు. కంప్యూటరు ఈ తీగ పనినే మరింత నిశితముగా చేయును. తొడ ఎముకకు, కాలి ఎముకకు మెరయు చిన్న గోళములను తగిలించి, కంటికి కనబడని కిరణములతో కెమెరా వానిని గమనించును. వైద్యుడు తొడను గుండ్రముగా త్రిప్పగా తుంటి కేంద్రమును యంత్రము లెక్కగట్టును. ఎముకను తెరచుచున్నంతసేపు రేఖ ఎచ్చటికి జరిగినదో తెరపై కనబడును. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమున 1997 జనవరిలో కీలు మార్పిడికి మొదట వాడిన ఈ విధానమును, సరగాలియా అను వైద్యుడు 2001 నుండి వంకర సరిచేయుటకును వాడెను.

కనుక ఆ తల్లి ప్రశ్నకు సమాధానమిది: కొలుచునది యంత్రము, కోయునది, నిర్ణయించునది మనిషి. నేడు కోతకు తోడ్పడు యంత్రహస్తములు వచ్చినను నిర్ణయము వైద్యునిదే. కంప్యూటరు వలన కొలత మెరుగగునని పరిశోధనలు చూపినవి; కాని దాని వలననే నొప్పి ఎక్కువగా తగ్గునని గట్టిగా రుజువు కాలేదు. కంప్యూటరు అను పేరు చూచి బంగారము తాకట్టు పెట్టవలదు.

మరి ఆ తల్లి సంగతి యేమి? నిలుచుండగా తీసిన ఎక్స్‌రే చూచి, లోపలి వైపు మాత్రమే అరిగినదనియు, వయస్సు నలుబదియారే కనుక కీలు మార్చుట తొందరపాటనియు వైద్యుడు చెప్పెను. మొదట తొడ కండరములకు వ్యాయామము, బరువు తగ్గుట, నేలపై కూర్చుండుట మానుట. కుమారుడు బల్లయు కుర్చీయు తెచ్చి చేటను బల్లపై పెట్టినాడు. నొప్పి పూర్తిగా పోలేదు; తగ్గినది. ముందు ముందు శస్త్రచికిత్స అవసరము కావచ్చును. అప్పుడు ఎముక అతుకువరకు కొన్ని నెలలు పని మానవలసియుండును. చీము పట్టుట, రక్తము గడ్డకట్టుట వంటి అపాయములును కలవు. ఆ నెలల కూలిని గూర్చి ఆమె ఇప్పటినుండియే లెక్క వేసికొనుచున్నది.

తల్లిదండ్రులారా! వైద్యుని యొద్ద ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు: అరిగినది ఒక వైపా, రెండు వైపులా? వ్యాయామముతో కొంతకాలము చూడవచ్చునా? ఎముక సరిచేయుట చాలునా, కీలు మార్చవలెనా? అంతయు కలిపి వ్యయమెంత, పని మానవలసిన దినములెన్ని? కృత్రిమ మోకాళ్ల ధరలకు 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము గరిష్ఠ పరిమితి విధించినది. కాని అది కీలుకు మాత్రమే, ఆసుపత్రి వ్యయమునకు కాదు.

మీ బిడ్డలు మన బడిలో తెలుగుతోపాటు మరాఠీ, ఇంగ్లీషులు చదువుచున్నారు. ఆసుపత్రికి పోవునప్పుడు వారిని వెంట తీసికొని పొండు. తల్లి బాధను వైద్యునికి, వైద్యుని మాటను తల్లికి చెప్పగలిగిననాడు వారి చదువు సార్థకమగును. ఇకమీదట ఈ సభ క్రిందనే జరుగును, కుర్చీలు వేయింతుము. దయచేసి అందరును రండు.