అద్దె ఆపేస్తే ఓనర్ దిగొస్తాడా?

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఏఐ లేదు. నీళ్లు కారే సీలింగ్ గురించి మాట్లాడుకుందాం.

నాతో పాటు ఒకే టీమ్‌లో పనిచేసిన ఫ్రెండ్ ఒకడు జాబ్ మానేసి, మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో టిఫిన్ సెంటర్ పెట్టాడు. పేరు చెప్పను, వాడికి ఇష్టం లేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో షట్టర్, నెలకి 85,000 అద్దె, ఆరు నెలల అడ్వాన్స్, అంటే 5,10,000. పొద్దున్నే హాస్టల్ పిల్లలు, తర్వాత ఆఫీసు వాళ్లు, బాగానే నడిచింది. రెండో వానాకాలంలో పై ఫ్లోర్ బాత్రూమ్ లైన్ లీకై, వంటగదిలో ఫాల్స్ సీలింగ్ ఊడి పెనం మీద పడింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ వైరింగ్‌లోకి నీళ్లు దిగాయి, స్విచ్ ముట్టుకుంటే షాక్. షాపు మూత.

ఓనర్‌కి ఫోన్ చేస్తే, "చేయిద్దాంలే బాబూ, పై వాళ్లతో మాట్లాడాలి కదా" అన్నారు. మూడు వారాలు గడిచాయి. ఒకరోజు రాత్రి మావాడు నాకు ఫోన్ చేసి, "మామా, అద్దె ఆపేస్తున్నా. డబ్బులు ఆగితే ఆయనే దిగొస్తాడు" అన్నాడు. నేను కూడా "కరెక్టే రా" అన్నాను. ఇద్దరం బీటెక్. ఇద్దరికీ లా గురించి అ ఆలు కూడా తెలియవు.

నాలుగు నెలలయ్యాక ఓనర్ రాలేదు, లాయర్ నోటీసు వచ్చింది. అద్దె బాకీ 3,40,000. గోడలు, ఫ్లోరింగ్ పాడుచేసినందుకు 1,10,000. పైగా ఖాళీ చేయాలి.

అప్పుడు కూర్చుని చదివాం. మన దగ్గర 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కానీ, అది బాగా తక్కువ అద్దెలకే. హైటెక్ సిటీ చుట్టుపక్కల షట్టర్లకి వర్తించేది 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్. అందులో సెక్షన్ 108 అసలు మ్యాటర్. ఈ సెక్షన్ మొత్తం డిఫాల్ట్ సెట్టింగ్స్ లాంటిది. మీ అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే ఆ రాసుకున్నదే నడుస్తుంది, రాసుకోకపోతే ఇది.

అందులో క్లాజ్ ఇ ఏమంటుందంటే, అగ్నిప్రమాదం, తుఫాను, వరద, అల్లరిమూక లాంటి ఆపలేని శక్తి వల్ల బిల్డింగ్‌లో ముఖ్యమైన భాగం పూర్తిగా నాశనమైనా, మీరు తీసుకున్న పనికి గణనీయంగా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, లీజు రద్దు చేసుకునే ఛాయిస్ అద్దెకున్నవాడిది. తప్పు మీదైతే మాత్రం ఆ ఛాయిస్ లేదు. మీ సిలిండర్ వల్లే మంటలొస్తే ఇది అడగలేరు. ఇక్కడ "శాశ్వతంగా" అన్న మాట దగ్గర ఆగండి. కారే పైపు శాశ్వతం కాదు, ప్లంబర్ వస్తే పోతుంది. ఇంకోటి, ఈ క్లాజ్ ఇచ్చేది బయటికి వెళ్లిపోయే హక్కు. లోపల కూర్చుని అద్దె ఎగ్గొట్టే హక్కు కాదు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇదే గొడవ దేశమంతా వచ్చింది. మన మైండ్‌స్పేస్ రోడ్లు ఖాళీ, ఐటీ వాళ్లని నమ్ముకున్న కర్రీ పాయింట్లు, టీ స్టాళ్లు బంద్. అప్పుడు ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లో ఒక షాపు వాళ్లు అద్దె ఆపమని హైకోర్టుకి వెళ్తే, తాత్కాలికంగా షాపు తెరవలేకపోవడం క్లాజ్ ఇ కిందకి రాదని మే నెలలో తీర్పొచ్చింది. కట్టడానికి కొంచెం టైం ఇచ్చారు, మాఫీ ఇవ్వలేదు.

"కాంట్రాక్ట్ యాక్ట్ ఉంది కదా, జరగడం అసాధ్యమైతే ఒప్పందం రద్దు కదా" అని మావాడు సెక్షన్ 56 పట్టుకొచ్చాడు. దానికి 1968లోనే సుప్రీంకోర్టు జవాబు చెప్పేసింది, ధ్రువ్ దేవ్ చంద్ కేసులో. 1947లో పొలం కౌలుకి తీసుకుని డబ్బు ముందే కట్టేశారు. దేశ విభజన వచ్చింది, పొలం పాకిస్తాన్‌లో పడింది, వాళ్లు అన్నీ వదిలేసి ఇటు వచ్చేశారు. అంత జరిగినా, లీజుకి సెక్షన్ 56 వర్తించదన్నారు, డబ్బు వెనక్కి రాలేదు. అది చదివాక మావాడు కాసేపు మాట్లాడలేదు. దేశ విభజన ముందు అయ్యప్ప సొసైటీ లీకేజీ ఎంత!

ఇప్పుడు మేము మిస్సయిన పాయింట్. అదే సెక్షన్‌లో క్లాజ్ ఎఫ్. ఓనర్ చేయించాల్సిన రిపేర్, మీరు నోటీసు ఇచ్చాక కూడా తగిన టైంలో చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు. ఓనర్ "చేయించాల్సిన" రిపేర్ అన్నది ముఖ్యం. ప్రతి రిపేరూ ఓనర్ నెత్తినే ఉందని చట్టం చెప్పదు, ఎక్కువగా అగ్రిమెంట్‌లోనే చూసుకోవాలి. మావాడి అగ్రిమెంట్ మూడో పేజీలో ఉంది: స్ట్రక్చర్, మెయిన్ ప్లంబింగ్ ఓనర్‌వి, చిన్న రిపేర్లు అద్దెకున్నవాళ్లవి. సంతకం పెట్టిన రోజు చదవలేదు, నోటీసొచ్చిన రోజు చదివాడు. ప్లంబర్, ఎలక్ట్రీషియన్ కలిపి చెప్పిన ఎస్టిమేట్ 1,40,000. ఒక లెటర్ రాసి, పదిహేను రోజులు ఆగి, చేయించుకుని, బిల్లులు పెట్టి తగ్గించుకుని ఉంటే షాపు నెలలో తెరుచుకునేది. మేము పంపినవన్నీ వాట్సాప్‌లో కోపం ఎమోజీలు.

ఇక ఆ 1,10,000 సంగతి. క్లాజ్ ఎం ప్రకారం తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మీ ఖాతాలో పడదు. మరి తీసుకున్నప్పుడు ఎలా ఉందని రుజువేంటి? ఇక్కడ మావాడి అదృష్టం, తాళాలు తీసుకున్న రోజు వాళ్లమ్మకి చూపించడానికి రెండు నిమిషాల వీడియో తీశాడు. "అమ్మా, ఇదిగో మన కిచెన్" అంటూ తిప్పిన ఫోన్‌లో, అదే గోడ మీద అదే తేమ మచ్చ. అంటే లీకు పాతదే. ఓనర్‌కి తెలిసి, మామూలుగా చూస్తే దొరకని లోపాన్ని ముందే చెప్పాల్సిన బాధ్యత కూడా ఆయనదే, అది క్లాజ్ ఎ.

కోర్టుకి వెళ్లలేదు. ఇలాంటి కమర్షియల్ గొడవలు 3 లక్షలు దాటితే, అర్జెంట్ ఆర్డర్ అవసరం లేనప్పుడు, కేసు వేయడానికి ముందు మీడియేషన్ తప్పనిసరి. ఇద్దరు లాయర్లూ అదే చెప్పడంతో ఎదురెదురుగా కూర్చున్నారు. వీడియో చూశాక ఓనర్ గోడల డబ్బు వదిలేశారు. "అంకుల్, నాలుగు నెలలూ షాపు తెరవనేలేదు కదా" అని మావాడు ఎంత బతిమాలినా అద్దె మాత్రం వదల్లేదు. తాళాలు తన దగ్గరే పెట్టుకున్నాడు కాబట్టి గట్టిగా వాదించడానికీ లేదు. అడ్వాన్స్‌లోంచి 3,40,000 పోయి, చేతికొచ్చింది 1,70,000. ఇంటీరియర్‌కి పెట్టిన ఆరు లక్షలు గోవిందా.

ఇప్పుడు కొండాపూర్‌లో ఇంకో షట్టర్ చూస్తున్నాడు. మొన్న నన్నూ తీసుకెళ్లాడు. కొత్త ఓనర్ అద్దె చెబుతుంటే మావాడు సరిగ్గా వినడం లేదు. ఫోన్ టార్చ్ వేసి సీలింగ్ మూలలన్నీ వీడియో తీస్తున్నాడు.