విచారణ ఎవరి మీద?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

క్యాంపస్‌లలో వివక్ష ఉందా, లేదా అని తేల్చడానికి మేమిక్కడికి రాలేదు. ఆ ముచ్చట 2007లోనే తేలింది. ఢిల్లీ ఎయిమ్స్ మీద విచారణ జరిపిన థోరట్ కమిటీ, వేధింపులు పడలేక ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టళ్ల పై అంతస్తులకు చేరి ఒక్కదగ్గర బతుకుతున్న గోసను బయటపెట్టింది. ఇవాళ మాట్లాడాల్సింది విచారణ గురించి. ఫిర్యాదు ఇచ్చినంక ఏం జరుగుతున్నది? ఎవరు విచారిస్తున్నారు? ఎవరిని విచారిస్తున్నారు?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్నే తీసుకుందాం. 2008లో సెంథిల్‌కుమార్ అనే పరిశోధక విద్యార్థి చనిపోయాడు. ప్రొఫెసర్ వినోద్ పావరాల కమిటీ వేశారు. పరిశోధన నిబంధనలు గందరగోళంగా ఉన్నాయని, ఆ దెబ్బ పడింది ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీదేనని కమిటీ చెప్పింది. అయినా 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. హాస్టల్ నుంచి వెలివేసిందెవరన్నది అసలు ప్రశ్న. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ మాత్రం రోహిత్ కులాన్ని తవ్వింది. 2024లో పోలీసుల మూసివేత నివేదికా అదే దారి పట్టింది. నిరసనలు లేచాకగానీ మళ్లీ దర్యాప్తు చేస్తామని అనలేదు. బాధితుడే బోనులో నిలబడ్డాడు.

నిబంధనలు లేక ఇట్లా జరిగిందా? 2012లోనే యూజీసీ సమానత్వ నిబంధనలు తెచ్చింది. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలన్నది. వివక్ష నిరోధక అధికారిని పెట్టాలన్నది. ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలన్నది. కానీ ఆ అధికారి ఎవరు? అదే సంస్థలో ప్రొఫెసర్. పంచాయితీ చెప్పే పెద్దమనిషి ఎదుటి పక్షానికి చుట్టమైతే తీర్పు ఎట్లుంటదో మనకు తెలియనిది కాదు. ఈ నిబంధనలు అమలు చేయించాలని రోహిత్ తల్లి, ముంబై డాక్టర్ పాయల్ తడ్వి తల్లి 2019లో సుప్రీంకోర్టుకెక్కారు. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెస్తే, అదే నెలలో సుప్రీంకోర్టు వాటిపై స్టే ఇచ్చింది.

ఆడపిల్లల మీద వేధింపుల సంగతి చూడండి. 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీకి మహిళే అధ్యక్షురాలు. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు. బయటి సభ్యులు ఒకరుండాలి. 90 రోజుల్లో విచారణ ముగియాలి. విద్యార్థుల వ్యవహారమైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూర్చోవాలని 2015 యూజీసీ నిబంధన. విచారణ నడుస్తుండగా, ఆరోపణ ఉన్న అధ్యాపకుడు ఫిర్యాదు చేసిన విద్యార్థిని పేపర్లు దిద్దకుండా ఆపే అధికారం కూడా అందులో ఉన్నది. మార్కులు అతని చేతిలోనే ఉంటే ఏ పిల్ల నోరు తెరుస్తది?

‘రుజువేది?’ అని అడుగుతారు. వివక్ష మైకు పట్టుకొని చెప్పి రాదు. రిజిస్టర్లలో దొరుకుతది. రాతపరీక్షలో మంచి మార్కులొచ్చిన వాళ్లకు వైవాలో ఎందుకు తగ్గాయి? గైడ్ ఎవరికి ఎప్పుడు దొరికాడు? ఫెలోషిప్ ఎవరిది ఎన్ని నెలలు ఆగింది? ఒక్కరి కాగితం చూస్తే అది పొరపాటనిపిస్తది. పదేళ్ల కాగితాలు పక్కపక్కన పెడితే అసలు రూపం కనబడతది. విచారణ అంటే ఈ పని చేయడం. ఆరోపణ ఎదుర్కొంటున్న వారి మాటా వినాలి, వారికీ కాగితాలివ్వాలి. అప్పుడే తీర్పు నిలుస్తది.

ఉద్యోగ మిత్రులకు ఒక మనవి. ఫిర్యాదు మొదట మీ టేబుల్ మీదికే వస్తది. ఇన్‌వర్డ్ నెంబరు వేసి రసీదు ఇయ్యండి. కాగితం ఫైలెక్కకముందే కబురు హెచ్‌ఓడీ గదికి చేరకుండా చూడండి. ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు బయటపెట్టడం చట్టవిరుద్ధం. ఆ మాట పత్రికల్లో పనిచేసే మాకూ వర్తిస్తది.

విద్యార్థి మిత్రులారా, తేదీలతో రాయండి, సాక్షుల పేర్లు రాయండి, నకలు దాచుకోండి. జవాబు రాకుంటే సమాచార హక్కు కింద అడగండి. రేపు కాలేజీకి పోంగనే నోటీసు బోర్డు చూడండి. కమిటీ ఏర్పాటు ఉత్తర్వు అందరికీ కనబడేటట్టు పెట్టాలని చట్టం చెప్తున్నది. లేకపోతే పదిమంది కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి పోండి. ఒక్కరే పోతే ‘గొడవ పిల్లగాడు’ అంటారు. పదిమంది పోతే జవాబు చెప్తారు.