వాసనను కప్పకండి, మూలం వెతకండి
(సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు బోనసు గురించో, డి.ఎ. గురించో మాట్లాడటం లేదు. ప్రతి కార్మికుడి ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటి తీసుకుంటున్నాను: "ఎంత ఉతికినా ఈ వాసన ఎందుకు పోదు?" చిన్న విషయమని కొట్టిపారేయకండి. మిల్లు నుంచి మనం మోసుకెళ్ళే నూనె, రంగు, చెమట వదలగొట్టడం కూడా పనే. ఆ పనికి కూలి లేదు. అది మన ఇంటి ఆడవాళ్ళ మీద పడుతోంది. మిల్లులో పనిచేసే సోదరీమణులకైతే అది రెండో షిఫ్టు.

ముందుగా ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. వాసన వస్తున్నదంటే దాని వెనక ఒక పదార్థం ఉంది. ఆ పదార్థం పోతేనే వాసన పోతుంది. సెంటు కొట్టినా, సాంబ్రాణి వేసినా రెండు వాసనలు కలుస్తాయి, అంతే.

చెమట సంగతి చూడండి. చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. దాన్ని తిని బతికే సూక్ష్మక్రిములు వాసన పుట్టిస్తాయి. పాలియెస్టర్ కలిసిన చొక్కా ఒంటి జిడ్డును పట్టుకుని వదలదు. నూలు బట్ట అంత కంపు కొట్టదు. పని బట్టలను గోరువెచ్చని నీళ్ళలో వాషింగ్ సోడా కొద్దిగా కలిపి అరగంట నానబెట్టి, ఉతికి, బాగా జాడించి, ఎండలో ఆరేయండి. పట్టుకు, ఉన్నికి సోడా పనికిరాదు.

మెషిను నూనె మరకైతే బట్ట తడపకముందే సబ్బు రుద్ది, కాసేపు ఆగి, వేడినీళ్ళతో ఉతకాలి. కొందరు కిరసనాయిలుతో తుడుస్తారు. అది కొత్త వాసనే కాదు, పొయ్యి దగ్గర ప్రాణం మీదకు తెస్తుంది.

టిఫిన్ క్యారియరులో చేపల కూర నీచు వాసనకు కారణమైన పదార్థాలు క్షారగుణం గలవి. పులుపు వాటిని విరుస్తుంది. అందుకే మన అమ్మలు చింతపండుతో తోమేవారు. మూత అంచున ఉండే రబ్బరు పట్టీని విడిగా తీసి కడగండి. వాసన ఎక్కువగా దాగేది అక్కడే.

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ట్రంకుపెట్టెలో బట్టలకు బూజు వాసన పడుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, బూజును బయట దులిపి, తరువాత ఉతకండి. పెట్టెను తెరిచి ఎండబెట్టండి. పట్టుచీరలను నీడలో గాలికి ఆరేయండి.

కలరా ఉండల విషయంలో జాగ్రత్త. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉంటుంది. ఆ ఉండల ఆవిరి తగిలితే వాళ్ళ ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లు ముదురుతాయి. పసిబిడ్డల బట్టల్లో వాటిని వేయకండి. ఎండిన వేపాకు చాలు.

ఇంకొక హెచ్చరిక. బ్లీచింగ్ పౌడరును బాత్రూం యాసిడ్‌తో ఎన్నడూ కలపవద్దు. క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

అన్ని వాసనలూ మురికి కావు. మన చీరాల నేతగాళ్ళు నేసిన తేలియా రుమాలు తెలుసు కదా. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో పదే పదే నానబెట్టి ఆరబెట్టేవారు. ఎర్ర రంగు గట్టిగా పట్టడానికే ఆ శ్రమ. అరబ్బు దేశాల దాకా వెళ్ళిన ఆ గుడ్డకు నూనె వాసన ఉంటుంది. అది పనితనం వాసన. అలాంటి పాత గుడ్డ ఇంట్లో ఉంటే గాలికి ఆరేయండి గాని, సోడా వేసి ఉడకబెట్టకండి.

మనం వదలగొట్టలేని వాసనలు కూడా ఉన్నాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతో పాటు బకింగ్‌హాం కాలువలోకి, కొసస్థలైయార్ నదిలోకి నూనె చేరింది. ఎన్నూరు వైపు ఇళ్ళకు, జాలర్ల పడవలకు, వలలకు అది పట్టుకుంది. నూనెలో నానిన వలను ఏ సబ్బుతో ఉతుకుతారు? అది ఉతుకుడు సమస్య కాదు, నష్టపరిహారం సమస్య. అటువంటప్పుడు కడగకముందే ఫోటో తీయాలి, నమూనా దాచాలి, అందరూ కలిసి ఫిర్యాదు రాయాలి.

మిల్లుకూ ఇదే సూత్రం. రంగుల ఖాతాలో కుళ్ళిన గుడ్ల కంపు వచ్చి, కాసేపటికి తెలియకుండా పోయిందంటే వాయువు పోయిందని అనుకోకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ ముక్కునే మొద్దుబారుస్తుంది. వెంటనే బయటికి రండి, తోటివారిని పిలవండి.

1918లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టినప్పుడు భోజన విరామం చాలదన్నది తొలి కోర్కెల్లో ఒకటి. కడుక్కునే వసతి కూడా అలాంటి కోర్కే. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉన్న ఆ వసతి 2020 నాటి కోడ్‌లోనూ ఉంది. నీళ్ళు, సబ్బు, బట్టలు మార్చుకునే గది మన మిల్లులో ఉన్నాయా, పనిచేస్తున్నాయా అని ప్రతి ఖాతా ప్రతినిధి చూసి రాసి ఇవ్వాలి. ఆ జాబితాతోనే యాజమాన్యం దగ్గరికి వెళదాం. మిల్లు మురికి మిల్లులోనే దిగాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!