పడుగు, పేక, రాగి దారులు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల డెబ్బై అయిదేళ్ల చరిత్రను పెద్దలు ఇప్పటికే ప్రస్తావించారు. మన రోబో బృందం ఈ ఏడు రూపొందించిన అరచేతి వెడల్పు పలకను గురించి నేను నాలుగు మాటలు మనవి చేస్తాను. "తెలుగు మాధ్యమంలో చదివినవారు రేపు ఇంజనీరింగు విద్యలో నిలదొక్కుకోగలరా?" అని మీలో పలువురు నన్ను అడుగుతున్నారు. సమాధానం కొంత ఈ పలకలో ఉన్నది.

నిరుడు మన రోబో పోటీ నడుమ ఆగిపోయినది. మోటార్లు చెడలేదు, బ్యాటరీ తరగలేదు. చక్రాల అదురుకు ఒక తీగ ఊడినది. చిప్పును, మోటార్లను, సెన్సార్లను కలుపుతూ అందులో నలభై విడి తీగలు ఉండేవి. వాటి స్థానంలో రాగి దారులు గల సర్క్యూట్ బోర్డును తామే రూపొందించాలని పిల్లలు నిశ్చయించుకున్నారు. 1936 ప్రాంతంలో లండనులో పాల్ ఐస్లర్ రేడియో కోసం ఆరంభించిన విద్య ఇది.

ఈ బోర్డు 1.6 మిల్లీమీటర్ల మందం గల గాజునార పలక. దానిపై రాగి పొర మందం 35 మైక్రాన్లు మాత్రమే. వలసిన దారులను ఉంచి మిగిలిన రాగిని కరిగిస్తారు. ఒక దారి మరొక దారిని తాకరాదు. మరి ఇన్ని దారులు ఒకదానినొకటి దాటేదెట్లు? పిల్లలు చిక్కుబడ్డది ఇక్కడనే. నేతవారి ఇంటి అమ్మాయి ఒకతె, "టీచర్, పై ముఖాన పడుగు, కింది ముఖాన పేక వేద్దాం" అన్నది. పైన దారులను నిలువుగా, కింద అడ్డంగా నడిపి, కలవవలసిన చోట రంధ్రం చేసి లోపల రాగి పూత వేయించారు. అనుభవజ్ఞులైన ఇంజనీర్లు పాటించే పద్ధతి కూడ అదే. తెలంగాణము నుండి షోలాపూర్ వచ్చి మగ్గం పట్టిన మన పెద్దల విద్య ఈ విధంగా అక్కరకు వచ్చినది.

ఆపైన ప్రతి దారికీ కారణం చెప్పవలసి వచ్చినది. సెన్సారు సంకేతానికి పావు మిల్లీమీటరు దారి చాలును. మోటారు దారి వెడల్పుగా ఉండాలి. చక్రం అడ్డుపడి ఆగితే మోటారు మామూలుకంటె ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, సన్నని రాగి వేడెక్కుతుంది. చిప్పును ఆనుకొని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. నల్లా తగ్గిన వేళ ఇంటి తొట్టి ఆదుకొన్నట్లు, అది చిప్పుకు క్షణకాలం విద్యుత్తు నందిస్తుంది.

చిత్రాన్ని ఉచితంగా లభించే కీక్యాడ్ సాఫ్ట్‌వేరుతో గీశారు. దారుల నడుమ ఎడం చాలకుంటే అది చూపుతుంది. అయినా పిల్లలు అసలు కొలతకు కాగితంపై అచ్చు వేసి, భాగాలను ఒక్కొక్కటిగా దానిపై పెట్టి చూశారు. ఒక సాకెట్టు తిరగబడి ఉన్నట్లు అప్పుడే తేలినది. కాగితంపై దొరికిన తప్పుకు ఖర్చు లేదు. రాగిలో పడిన తప్పుకు బోర్డే వ్యర్థం. సరిచూచిన తరువాతనే తయారీకి పంపాము. ఈ ఏడు రోబో ఆగలేదు.

ఇంగ్లీషు వద్దని నేను అనను. భాగాల వివరపత్రాలు ఆ భాషలోనే ఉంటవి. వాటిని చదివే శిక్షణ ఇస్తున్నాము. ట్రాక్, వయా, గ్రౌండ్ అనే పేర్లు పిల్లలకు వారం రోజులలో వచ్చినవి. కాని "ఎందుకు?" అనే ప్రశ్న మాత్రం ఇంటి భాషలోనే పుట్టినది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. బిడ్డను మరొక బడికి మార్చే ముందు ఒక శనివారం మన ప్రయోగశాలకు రండి. ఆ బోర్డును చేతికి తీసుకొని, ఏ దారి ఎందుకున్నదో మీ బిడ్డను అడగండి. మీకు తెలిసే మాటలలో చెప్పగలిగితే ఇక్కడనే ఉంచండి. చెప్పలేకపోతే నేను అడ్డు చెప్పను.

సెలవు.