పెద్దల చెవికి మన మనసు చేరాలంటే

ఈ నాలుగు మాటలు ముఖ్యంగా ఈ దేశంలో పుట్టి పెరిగిన మన యువతీయువకుల కోసం.

శోకభయాదుల వలన కంఠధ్వనిలో కలిగే మార్పును అమరకోశం ‘కాకువు’ అన్నది. ‘సరేలే’ అన్న మాటనే తీసుకోండి. లాలనగా అంటే అంగీకారం, విసురుగా అంటే అలక. అక్షరాలు అవే, భేదమంతా స్వరపు హెచ్చుతగ్గులలో, వేగంలో ఉన్నది. వార్ధక్యంలో తరచుగా జారిపోయేది ఈ భేదమే.

వయస్సు పెరిగేకొద్దీ లోపలి చెవిలోని సున్నితమైన రోమకణాలు నశిస్తాయి; అవి తిరిగి పుట్టవు. సాధారణంగా తారస్థాయి ధ్వనులు ముందుగా దూరమవుతాయి. స, శ, ఫ వంటి హల్లులు మసకబారుతాయి. మాటను పోల్చుకోవడానికే శ్రమించే మెదడుకు అందులోని భావాన్ని పట్టుకునే తీరిక తగ్గుతుంది. వినికిడి పరీక్షలో లోపం కనబడని వృద్ధులు సైతం కంఠస్వరాన్ని బట్టి కోపాన్ని, విచారాన్ని గుర్తించడంలో యువకులకంటె వెనుకబడుతున్నారని పరిశోధనలు తెలుపుతున్నాయి. వినికిడి యంత్రం ధ్వనిని పెంచుతుంది గాని, ఈ లోటును పూర్తిగా తీర్చలేదు.

ఇక మన ఇళ్ల సంగతి. మీ తెలుగులో ఆంగ్లపు యాస, వేగం కలిసి ఉంటాయి. అమ్మమ్మగారు ‘ఆఁ?’ అని రెండవసారి అడుగుతారు. మీరు గొంతు పెంచుతారు. అరచి చెప్పిన మాట కోపంగానే ధ్వనిస్తుంది. ప్రేమతో అన్నది కసురుగా చేరుతుంది. మూడవసారి ఆమె అడగరు, నవ్వి ఊరుకుంటారు. క్రమంగా నలుగురిలోకి రావడమే తగ్గించుకుంటారు. మీరు దిగులుగా మాట్లాడినా ‘అన్నం తిన్నావా?’ అంటే, దానిని పట్టనితనంగా భావించకండి. మీ కంఠంలోని దిగులు ఆమెకు అందలేదు.

భరతముని అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. వాచికం చాలనప్పుడు ఆంగికం ఆదుకోవాలి. వెలుతురులో, ఎదురుగా కూర్చోండి. కేక వేయక, నెమ్మదిగా, విడివిడిగా పలకండి. ఫోనుకంటె వీడియో కాల్ మేలు, ముఖం కనబడుతుంది. గుడి భోజనశాల సందడిలో ముఖ్యమైన విషయం ఎత్తకండి. ఒక పక్కకు తీసుకొనిపోయి చెప్పండి. అన్నింటికన్న ముఖ్యంగా, స్వరానికి వదిలివేసే భావాన్ని మాటలో పెట్టండి. ‘అమ్మమ్మా, నాకు దిగులుగా ఉంది’ అనండి. ‘తాతయ్యా, మీ మీద కోపం లేదు, వినబడాలని గట్టిగా అన్నాను’ అనండి. మన ఇళ్లలో ఇలా పైకి చెప్పుకునే అలవాటు తక్కువ. ఇప్పుడు ఆ అలవాటు చేసుకోవాలి.

వినికిడి పరీక్షకు మీరే వెంటబెట్టుకొని వెళ్లండి. అమెరికాలో 2022 అక్టోబరు నుండి, స్వల్ప, మధ్యస్థ లోపమున్న వయోజనులకు వైద్యుని చీటీ లేకుండానే వినికిడి యంత్రాలు దుకాణాలలో లభిస్తున్నాయి. యంత్రం వచ్చిన తరువాత కూడ ఎదుట కూర్చొని మాట్లాడడం మానకండి. ఈ రోజు ప్రసాదం పంచుకునేటప్పుడే మొదలుపెట్టండి. శుభం.