దానం, రసీదు, పన్ను రాయితీ



సూళ్లూరుపేట నుంచి, పుత్తూరు నుంచి తెల్లవారుజామున రైలెక్కి చెన్నైలోని అడయార్ కాన్సర్ ఆసుపత్రికి వెళ్లివచ్చేవాళ్లు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పూనికతో 1954లో 12 పడకలతో మొదలైన ఆసుపత్రి అది. బీదవారికి ఉచితంగానో, తక్కువ ఖర్చుతోనో అక్కడ వైద్యం జరుగుతున్నదంటే దాతలిచ్చే సొమ్ము అందుకొక ఆధారం. అటువంటి సంస్థకు జీతంలోంచి కొంత తీసి ఇద్దామనుకున్న మనిషి ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇస్తే పన్ను తగ్గుతుందటగదా, ఎంత తగ్గుతుందండీ?"

1961 ఆదాయపు పన్ను చట్టంలో 80జి అనే సెక్షను కింద ఈ రాయితీ ఉండేది. దాని స్థానంలో 2025లో చేసిన కొత్త చట్టం కూడా దీన్ని కొనసాగించింది. చాలామంది అనుకుంటున్నట్టు ఇచ్చిన డబ్బంతా పన్నులోంచి తగ్గదు. ఆదాయంలోంచి తగ్గేదే ఈ రాయితీ. అదీ ఎక్కువ సంస్థల విషయంలో ఇచ్చినదాంట్లో సగమే. ముఖ్యమంత్రి సహాయనిధి వంటివాటికి మాత్రం పూర్తిగా తగ్గిస్తారు.

తడలో ఒక ఉపాధ్యాయుడు ఉన్నారనుకుందాం. వయసు 60 లోపు. మొత్తం జీతం 12 లక్షలకు లోపే. పాత పద్ధతిలో అన్ని మినహాయింపులూ పోగా 7 లక్షలకు పన్ను పడుతుంది. ఆయన 4,000 రూపాయలు దానం చేస్తే 2,000 ఆదాయంలోంచి తీసేస్తారు. 20 శాతం చొప్పున 400, సెస్సుతో కలిపి 416 రూపాయలు పన్ను తగ్గుతుంది. మిగతా 3,584 ఆయన జేబులోంచి వెళ్లినదే.

ఇక్కడే అసలు చిక్కుంది. కొత్త పన్ను పద్ధతిలో ఈ రాయితీ లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఆ పద్ధతిలో 12 లక్షల వరకు జీతానికి పన్నే పడదు. పాత పద్ధతిలో మన మాస్టారి పన్ను 54,600. దానం రాయితీ కోసమని పాత పద్ధతిలో ఉండిపోతే, 416 కోసం యాభైవేలకు పైగా వదులుకున్నట్టవుతుంది. ఇంటి అప్పు వడ్డీ, బీమా, అద్దె భత్యం వంటివి బాగా ఉన్న పెద్ద జీతగాళ్లకు లెక్క వేరుగా ఉండవచ్చు. నన్నడిగితే, మామూలు ఉద్యోగులను కొత్త పద్ధతిలోకి రమ్మని పిలుస్తూ, అందులో దానానికి చిన్న చోటైనా ఉంచకపోవడం లోపమే. చిన్న దాతలమీద ఆధారపడే సంస్థలకు ఆ మేరకు ఒక ఊతం పోయింది.

పాత పద్ధతిలోనూ అన్ని దానాలూ లెక్కకు రావు. టి.నగర్ వెంకటనారాయణ రోడ్డులోని తిరుమల దేవస్థానం గుడికి వెళ్లి హుండీలో వేసినదానికి రసీదు లేదు, రాయితీ లేదు. అన్నదానానికి బియ్యం బస్తా ఇచ్చినా, వరదబాధితులకు దుప్పట్లు పంచినా అంతే. ఇచ్చినది డబ్బై ఉండాలి. నగదు 2,000 దాటితే 2017 నుంచి ఒప్పుకోవడం లేదు. చెక్కు గానీ, బ్యాంకు ద్వారా గానీ ఇవ్వాలి.

ఇక, లక్షకు రసీదిచ్చి, కొంత కమిషను పట్టుకుని మిగతాది చేతికి తిరిగిచ్చే దళారులున్నారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి బూటకపు మినహాయింపుల మీద దేశంలో 150 చోట్ల తనిఖీలు చేసింది. తమిళనాడులో అంతకుముందే ఇటువంటివి బయటపడ్డాయి. తప్పుడు వివరాలతో ఎగవేసిన పన్నుకు రెండింతలు జరిమానా పడవచ్చు. రసీదు తెచ్చిపెట్టిన దళారి అప్పటికి ఫోను ఎత్తడు.

2021-22 నుంచి సంస్థ తనకందిన దానాల వివరాలను శాఖకు పంపి, దాతకు ధృవపత్రం ఇవ్వాలనే నియమం వచ్చింది. డబ్బిచ్చేటప్పుడే మీ పాన్ నంబరు రాయించండి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా ఆ పత్రం అందాలి. అందకపోతే సంస్థ కార్యాలయానికి ఒక ఉత్తరం రాయండి. సెలవు.