నియామక పత్రంలో చివరి పుట

నల్లగౌనుల్లోని పట్టభద్రుల ఉక్కపోతను తలచుకొని మర్యాదలు మానుకోవడమే ఉచితం.

మానవ వనరుల నిర్వహణ, అనగా మనుషులను ఎంపిక చేయడం మొదలు సాగనంపడం వరకు ఒక సంస్థ నడిపే వ్యవహారమంతా, పాఠ్యపుస్తకాలలో ఒకే శాస్త్రంగా కనిపించినా దేశం మారగానే స్వభావం మార్చుకుంటుంది. జపాన్‌లోని పెద్ద సంస్థలు చదువు ముగించినవారిని మూకుమ్మడిగా ఎంపిక చేసి, ఏటా ఏప్రిల్ 1న చేర్చుకొని, ఎవరికి ఏ పని అన్నది చాలావరకు ఆ తరువాతే తేలుస్తాయి. సర్వీసును బట్టి జీతం పెరిగే 'నెన్‌కో' పద్ధతి అక్కడ సడలుతున్నా పూర్తిగా పోలేదు.

అసలు తేడా తెలిసేది మాత్రం పంపించే తీరులోనే. అమెరికాలో మోంటానా తప్ప మిగిలిన రాష్ట్రాలన్నింటా 'ఎట్ విల్' సూత్రమే మూలం, అనగా వివక్ష వంటి చట్టవిరుద్ధ కారణం కానంతవరకు యజమాని కారణం చెప్పకుండానే తొలగించవచ్చు, ఉద్యోగి చెప్పకుండానే వెళ్లిపోవచ్చు. జర్మనీలో సాధారణంగా పదిమందికి మించి ఉద్యోగులున్నచోట, ఆరు నెలల సర్వీసు దాటినవారిని తొలగించాలంటే చట్టం ఒప్పుకునే కారణం ఉండాలి. ఉద్యోగులు ఎన్నుకున్న మండలి, అక్కడివారి మాటలో 'బెట్రీబ్స్‌రాట్', ఉన్న సంస్థ ముందుగా దాని అభిప్రాయం అడగకపోతే ఆ తొలగింపు చెల్లదు. పైగా తొలగింపు నోటీసు కాగితంపై చేతి సంతకంతో ఉండాలి గనుక, ఈమెయిల్‌లో వచ్చిన తొలగింపు అక్కడ తొలగింపే కాదు. అట్లాంటిక్‌కు ఆవల, పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ పనిచేయక సంగతి గ్రహించినవారు ఉన్నారు. హెచ్-1బి ఉద్యోగ వీసాపై వెళ్లిన తెలుగువారైతే, ఉద్యోగం పోయాక అద్దె ఇల్లు, కారు వాయిదాలు, పిల్లల బడి, అన్నీ గరిష్ఠంగా 60 రోజుల గడువులో తేల్చుకోవాలి.

నియామకాల బల్ల వద్ద దశాబ్దాలు గడిపినవారికి అలవాటైన దృశ్యం ఒకటుంది: ప్యాకేజీ ఎంతంటే దశాంశాలతో సహా అప్పజెప్పే బంగారుకొండలు, నోటీసు పీరియడ్ ఎంతంటే పక్కవారి ముఖం చూస్తారు. సెల్‌ఫోన్ కొనడానికి పది వీడియోలు చూసే ఈ మహానుభావులు, మెలకువగా ఉండే కాలంలో సగాన్ని రాసిచ్చే ఒప్పందంపై, పంపించే షరతులుండే చివరి పుట తిప్పకుండా సంతకం చేయడం ఏ విద్యకు ఫలమో ఆచార్యులే సెలవివ్వాలి.

ఈ సాయంత్రం పట్టాకు ఫ్రేము కట్టించేలోగా, నియామక పత్రం చేతికందినవారు ఆ పుట చదవాలని, మధ్యలో మానేస్తే డబ్బు కట్టమనే బాండు షరతు కనిపిస్తే సంతకానికి ముందే హెచ్.ఆర్. వారిని అడగాలని మనవి.